చీల కొట్టని బస్సు

చిత్తూరులో ఒక పాత బియ్యపు మిల్లు షెడ్డులో కొన్ని మోటారు బండ్లను వరుసగా నిలిపి, చుట్టూ తాళ్ళు కట్టి, జనానికి చూపిస్తున్నారు. ఒకప్పుడు ఈ సీమలో బస్సులు నడిపిన దొరస్వామి నాయుడి మనవలు పెట్టిన ప్రదర్శన అది. ముక్కు పొడుగ్గా ఉండే లారీ ఒకటి, ముందు హ్యాండిల్ వేసి తిప్పితే గాని లేవని కారు ఒకటి, అన్నిటికంటే చివర చక్రాలు లేని చెక్క బస్సు ఒకటి ఉన్నాయి. ఆ బస్సు వెనక నీళ్ళు కాచే బాయిలరులాంటి ఇనప డ్రమ్ము తగిలించి ఉంటుంది. ముందర అట్టముక్క మీద 'యుద్ధకాలం నాటి బొగ్గు బస్సు. బాడీ స్థానికంగా తయారైనది' అని రాశారు.

ఆ బస్సు వాకిలి నెత్తిన అడ్డంగా ఉన్న చెక్క పైకమ్మిలో, సరిగ్గా నడిమధ్యన, బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది. వచ్చిన పిల్లలంతా వాళ్ళ నాన్నల భుజాలెక్కి అందులో వేలు పెట్టి చూస్తారు. అదేమిటని, రోజూ అక్కడే కూర్చునే నన్ను అడిగినవాళ్ళకి నేను రకరకాలుగా చెప్పాను. మద్రాసు మీదికి వచ్చిన జపాను విమానం దారితప్పి పాకాల దగ్గర కాల్చిన గుండు అన్నాను. డ్రైవరు కునుకు తీయకుండా తిరుపతి లడ్డును దారం కట్టి అక్కడ వేలాడదీసేవారన్నాను. వడ్రంగిపిట్ట ఒకటి టిక్కెట్టు లేకుండా రెండేళ్ళు ప్రయాణం చేసిందని కూడా చెప్పాను. నమ్మినవాళ్ళే ఎక్కువ. నిజం వీటన్నిటికంటే నమ్మడానికి కష్టంగా ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

స్థానికంగా తయారైనది అని రాశారు గదా, ఆ స్థానికం పేరు ఏకాంబరాచారి.

ఆయనది కార్వేటినగరం. తాతా నాయనా తేర్లు కట్టే వడ్రంగులు. జమీను బాగున్న రోజుల్లో ఆ ఇంటికి ఏడాది పొడుగునా పని ఉండేది. ఏకాంబరాచారి చేతికి బాడిస వచ్చేసరికి కోటలో గబ్బిలాలు చేరాయి, కొత్త తేరు కట్టించేవాడు లేడు. భార్య దేవకమ్మ పెళ్ళయిన రెండో వానాకాలంలో విషజ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఉలులూ చిత్రికా కొయ్యసుత్తీ పెట్టెలో సర్దుకుని, ఇంటికి తాళం కూడా వేయకుండా, చిత్తూరు వచ్చి దొరస్వామి నాయుడి షెడ్డులో పనికి కుదిరాడు.

ఆ కాలంలో బస్సు బస్సుగా వచ్చేది కాదు. దొరల సీమ నుంచి ఓడలో ఇంజనూ, నాలుగు చక్రాలూ, వాటిని కలిపే ఇనప చట్రమూ మాత్రం మద్రాసుకు వచ్చేవి. దాన్ని చాసీ అనేవాళ్ళు. మా ఓబయ్య డ్రైవరు మద్రాసు పోయి, ఆ చట్రం మీద ఒక సబ్బుపెట్టె వేసుకుని, తలకు గోనెసంచి చుట్టుకుని, ఎండకూ వానకూ మధ్య దాన్ని చిత్తూరు దాకా తోలుకొచ్చేవాడు. దారిలో కుక్కలు వెంటపడితే కాళ్ళు పైకెత్తి తోలేవాడట. ఒకసారి పుత్తూరు నుంచి నగరి దాకా అట్లా కాళ్ళు దించకుండా వచ్చానన్నాడు. బ్రేకు ఎట్లా వేశావన్నా అని అడిగితే, అడిగినవాణ్ణి తిట్టాడు. మద్రాసు నుంచి వచ్చేటప్పుడు పుత్తూరు, నగరి తర్వాత వస్తుంది గదా అని అడిగినవాణ్ణి మరీ తిట్టాడు.

ఆ చట్రం మీద ఏకాంబరాచారి బస్సు కట్టేవాడు. కాగితం మీద గీత గీయడు. ఒక కొలతకర్ర, ముడులు వేసిన దారం, అంతే. టేకు చట్రం, మద్ది పలకల నేల, పైన రంగు పూసిన కిత్తాను గుడ్డ. తేరు కట్టే మనిషివి, ఈ రాక్షసి పని ఎట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే, "తేరు దేవుణ్ణి మోస్తాది, ఇది దేవునికాడికి పొయ్యే జనాన్ని మోస్తాది. బరువు ఒకటేనప్పా" అనేవాడు.

నేల పలకలు పరిచిన రోజునే ఆయన పెట్టె తీసుకుని అందులోకి చేరేవాడు. వేరే ఇల్లు తీసుకోలేదు. "ఇల్లు తీసుకుంటే దాంట్లో ఎవురుండేది?" అనేవాడు. మొదట ఆకాశం కిందే పడుకునేవాడు. తర్వాత గోడలు లేచేవి, కిటికీలు వచ్చేవి, కప్పు పడేది. మనుషులు ఇల్లు కట్టి అందులోకి పోతారు. ఈయన చుట్టూ ఇల్లు మొలిచేది. కాన్వెంటులో సిస్టరమ్మలు నోవా ఓడ కథ చెప్పినప్పుడు నా కళ్ళకు కనిపించింది ఏకాంబరాచారే. తేడా ఏమంటే ఈయన ఓడలో జంటలు లేవు. కొక్కేనికి ఒక కూజా, ఒక పంచె, తలకింద పనిముట్ల పెట్టె. వెనకటి పొడుగు బెంచీ మీద పడుకునేవాడు, నిద్రలో కూడా కిటికీ వైపు చోటు వదిలి.

ఇప్పుడు చీల సంగతి చెప్పాలి.

తేర్లు కట్టే ఆ వంశంలో ఒక కట్టుబాటు ఉంది. పని అంతా అయ్యాక చింతచేవతో చేసిన ఒక చీల మిగులుతుంది. దాన్ని వాకిలి నెత్తిన కొట్టేదాకా ఆ తేరు ఉత్త మాను. కట్టినవాడు అందులో కూర్చోవచ్చు, తినవచ్చు, చెప్పులతో తిరగవచ్చు. చీల కొట్టి కర్పూరం వెలిగించాక అది వాహనం. కట్టినవాడు వెనక్కి వెనక్కి నడుస్తూ దిగి దండం పెడతాడు. ఆ తర్వాత ఈ జన్మలో అందులో కాలు పెట్టకూడదు. తేరుకు ఆ నియమం సరే. ఏకాంబరాచారి దాన్ని బస్సులకు కూడా పెట్టుకున్నాడు. చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినడు.

కాబట్టి ఆయన కట్టిన బస్సుల్లో ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. దేవకమ్మ తద్దినానికి కార్వేటినగరం పోవాలంటే ఎద్దుబండి, లేదా కాళ్ళు. దారిలో ఆయన కట్టిన బస్సే దుమ్ము లేపుతూ వచ్చి పక్కన ఆగేది.

"ఆసారీ, ఎక్కు! నీకు టిక్కెట్టు కొట్టేంత పాపిష్టోణ్ణి కాదు" అనేవాడు కండక్టరు.

"నేను కట్టిందాంట్లో నేను ఎక్కరాదప్పా."

"అయితే వెనకాల ఇంగో కంపినీ బస్సు వస్తాంది. దాంట్లో రా."

"ఎవురో కొట్టిన మేకుల నడాన యాడ కూసునేది? నువ్వు పో."

బస్సు పోయేది. ఆయన దుమ్ము అణిగేదాకా నిలబడి, మళ్ళీ నడిచేవాడు.

ఒక బస్సు వెళ్ళిపోగానే ఆయనకు ఇల్లు పోయేది. కొన్నాళ్ళు షెడ్డు నేల మీద, రంపపు పొట్టులో పడుకునేవాడు. కొత్త చాసీ వచ్చేది, మళ్ళీ చుట్టూ గోడలు లేచేవి. ఆయన బతుకు అట్లా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి జరుగుతూ పోయింది, ఎందులోనూ సున్నం ఆరకముందే.

అప్పుడు యుద్ధం వచ్చింది. పెట్రోలుకు కూపన్లు వచ్చాయి. బస్సుల వెనక బొగ్గు డ్రమ్ములు వచ్చాయి. పొద్దున్నే క్లీనరు డ్రమ్ములో బొగ్గు పోసి నిప్పు రాజేసి, గాలి ఊదే తిప్పుడు యంత్రాన్ని చేత్తో తిప్పుతూ ఉంటే, గ్యాసు పుట్టి ఇంజను దగ్గేది. ఆ బస్సుల వేగం గురించి నేను అతిశయంగా చెబుతానని నా మీద నింద ఉంది. నేను చెప్పేది ఇంతే. పాకాల మిట్ట ఎక్కేటప్పుడు జనం దిగి, చింతకాయలు కోసుకుని, పచ్చడి నూరుకుని, అవతలి వైపు బస్సు రాగానే ఎక్కేవాళ్ళు. పచ్చడిలో ఉప్పు తక్కువైందని ఒకామె వెనక్కి పోయి తెచ్చుకున్నా బస్సు దొరికింది.

చాసీలు రావడం ఆగిపోయింది. నలభైరెండులో, ఎవరెవరినో పట్టుకుని, నాయుడు ఒక్కటి సంపాదించాడు. ఇక యుద్ధం ముగిసేదాకా ఇంకొకటి రాదని మద్రాసువాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ మాట షెడ్డులో అందరూ విన్నారు. ఏకాంబరాచారి కూడా విన్నాడు.

అంత అందమైన బస్సు ఆయన మునుపు కట్టలేదు. కిటికీ కమ్మీలకు అరచేయి పట్టేట్టు వంపు తీశాడు. మెట్టు ముసలివాళ్ళకు అందేట్టు దించాడు. బెంచీలకు కొబ్బరి పీచు కూరాడు. మరుసటి ఏడు వేసవి వచ్చేసరికి పని అయిపోయింది. అందరికీ కనిపిస్తూనే ఉంది, అయిపోయింది. చీల మాత్రం పనిముట్ల పెట్టెలోనే ఉంది.

"ఆసారీ, దేవుని తేరన్నా ఒక దినం సిద్ధమైతాది. నా బస్సు ఎప్పుడప్పా?" అని అడిగాడు నాయుడు. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు, ఎవరినీ పనిలోనుంచి తీసేయలేని మనిషి.

"తలుపు కీసుమంటాంది సామీ. సరిచెయ్యల్ల."

"మా ఇంట్లో ఆమె గూడా కీసుమంటాది. కాపురం చెయ్యలేదా నేను?"

తలుపు అయ్యాక కిటికీ అన్నాడు. కిటికీ అయ్యాక బెంచీలో పీచు ఉండ కట్టిందన్నాడు. ఊడదీసి మళ్ళీ కూరాడు. చిత్రిక పట్టిన పలకనే మళ్ళీ చిత్రిక పట్టాడు. ఇంకొన్నాళ్ళు పోనిస్తే ఆ బస్సు అగ్గిపెట్టె అంతయ్యేదని ఓబయ్య అనేవాడు.

నాయుడికి ఓపిక పోయింది. "చీల లేకపోతే బండి కదలదా? ఇంజనుకు చీలకూ ఏం సమ్మందం? ఓబయ్యా, ఎక్కి తోలు!"

ఓబయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను తోలను సామీ. ఆసారి చీల కొట్టని బండికి నేను స్టీరింగు పట్టను. నాకు పిల్లోళ్ళుండారు."

"నేనే ఒక మేకు కొడతా పో."

"మీరు కొడితే అది మేకు సామీ. చీల కాదు."

ఆ మాటతో నాయుడు అక్కడే సబ్బుపెట్టె మీద కూలబడ్డాడు. అప్పుడు గొంతు తగ్గించి ఆచారితో చెప్పాడు. "సూడు ఆసారీ. ఊరికే నిలబెట్టిన బండ్లను మిలిటరీకి తీసుకపోతారని ఊరంతా అనుకుంటాండారు. ఇది రోడ్డెక్కకపోతే యాడికో అస్సాము పోతాది. నువ్వు కట్టింది, మళ్ళా కంటికి గూడా కనపడదు. ఏంది నీ బాధ? నాతో చెప్పు."

ఏకాంబరాచారి చాలాసేపు కిటికీ కమ్మీని బొటనవేలితో రుద్దాడు.

"దీని ఎనకాల ఇంగో చాసీ రాదు గదా సామీ?"

"యుద్ధం అయ్యేదాకా యాడొస్తాది?"

"మరి ఇది పోతే నేను యాడుండేది?"

నాయుడు గేటు వైపు చేయి చూపించాడు. "గేటుకాడ గది ఉండాది గదప్పా. నాలుగు గోడలు, పెంకులు. తీసుకో. బాడిగ వద్దు" అన్నాడు.

"అవి నేను కట్టిన గోడలు కాదే సామీ."

నాయుడు లేచి పోతూ, "శుక్రవారం" అన్నాడు. అది గడువో, బతిమాలుకోవడమో ఆయనకే తెలిసినట్టు లేదు.

గురువారం మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఉత్త వాన కాదు, వేసవిలో వచ్చే ఉరుముల వాన. షెడ్డు గేటు ముందరే తిరుపతి బస్సు ఆగేది. అది ఎప్పటిలాగే దారిలో ఎక్కడో దగ్గుతూ ఉంది. ఎదురుచూస్తున్న జనంలో మీసం కొత్తగా వచ్చిన నేను కూడా ఉన్నాను. నిలబడడానికి చూరు లేదు. మాలో మునిరత్నమ్మ అని బొగ్గులమ్మే ఒకామె ఉంది. పూతలపట్టు వైపునుంచి బొగ్గు గంపలు తెచ్చి షెడ్డుకు వేసి, బస్సులో తిరిగి పోతుంది. ఆ రోజు గంపలు ఇంకా దించలేదు. బొగ్గు తడిస్తే నిప్పంటుకోదు, కొనేవాడుండడు. ఆమె రెండు గంపలనూ ఎత్తుకుని, గేటు నెట్టుకుని, షెడ్డు ముందర నిలబెట్టిన కొత్త బస్సులోకి ఎక్కేసింది. ఆమె ఎక్కితే మేమెందుకు తడవాలి? అందరం ఎక్కాం.

లోపల ఏకాంబరాచారి సద్ది తింటూ ఉన్నాడు. చేయి ముద్దలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఎవురిదో కాపురముండాదే ఈడ!" అంది తలనీలాల మొక్కున్న ఒక ముసలామె, కొక్కేనికి ఉన్న కూజా చూసి.

"బస్సులో కాపురమేందే? నీకు కండ్లు పోయినాయి, కూసో" అన్నాడు ఆమె మొగుడు.

"నాకు కండ్లు పోయేదుంటే నిన్ను సేసుకోకముందే పోవాల్సింది."

కోడిపెట్టను చంకన పెట్టుకున్న ఒకాయన ముందు కిటికీ పట్టుకున్నాడు. అది తనదని ఇంకొకాయన తువ్వాలు వేశాడు. "ఇది యాడికీ పొయ్యే బండి కాదు గదప్పా, కిటికీ ఏం సేసుకుంటావు?" "పోకపోయినా కిటికీ కిటికీనే!" అని పోట్లాడుకున్నారు. ఎవరో వక్కాకు పంచారు. ఎవరో అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టారు. ఆ అల్లుడు ఎవరో తెలియకపోయినా మేమంతా తిట్టాం.

మునిరత్నమ్మ గంపలను బెంచీ కిందికి తోసి, వెనకటి పొడుగు బెంచీ దగ్గరికి వచ్చింది. కిటికీ వైపు చోటు ఖాళీగా ఉంది. పక్కన పనిముట్ల పెట్టె, ఇటు చివర ఆచారి.

"ఆసారీ, ఈడ ఎవురన్నా ఉండారా?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చోటు వైపు చూశాడు. వాన చప్పుడులో మేమంతా అరుస్తూ ఉన్నా, ఆ జవాబు ఎందుకో నాకు వినబడింది.

"లేరు" అన్నాడు. "కూసో."

ఆమె కూర్చుంది. తడి చీర కొంగు పిండుకుంది. ఆయన కట్టిన కిటికీ కమ్మీ మీద మోచేయి ఆనించి, వానను చూసింది.

అప్పుడు ఏకాంబరాచారి ముద్ద పక్కన పెట్టి వినసాగాడు. మా మాటలు కాదు. మనిషి లేచి కూర్చున్నప్పుడల్లా నేల పలకలు ఒక మాట అంటున్నాయి. కిటికీ దగ్గర పోట్లాట జరిగితే పక్క కమ్మీలు ఒక రకంగా మూలుగుతున్నాయి. ముసలాయన నవ్వితే బెంచీ నవ్వుతోంది. ఇన్నేళ్ళు బస్సులు కట్టి, జనం నిండిన బస్సు లోపల ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. చీల కొట్టకముందు ఎవరూ ఎక్కరు, కొట్టాక ఆయన ఎక్కడు. ఆయన అరచేతిని నేల మీద ఆనించి, పిల్ల కడుపులో కదిలితే చూసినట్టు, అట్లాగే ఉండిపోయాడు.

బయట దగ్గు వినపడింది. తిరుపతి బస్సు వచ్చేసింది. అందరం ఒక్కసారిగా లేచి పరుగెత్తాం. ఎవరూ ఆయనకు వెళ్ళొస్తామని చెప్పలేదు, నేను కూడా. బస్సు దిగేటప్పుడు బస్సుకు ఎవరు చెబుతారు? మునిరత్నమ్మ మాత్రం మెట్టు మీద ఆగి, "బొగ్గు ఈడనే పెట్టినా, నాయుడికి సెప్పు" అంది. కోడిపెట్ట ముందు బెంచీలో గుడ్డు పెట్టి పోయిందని తర్వాత ఎవరో అన్నారు. ఆ గుడ్డుకు నేను పూచీ పడను. మిగతాదానికి పడతాను.

మేం పోయాక బస్సులో ఏమి మిగిలిందో నాకు చెప్పింది ఓబయ్య. ఆచారి ఒక్కడే నడిమధ్యన నిలబడి ఉన్నాడట. నేల మీద తడి అడుగులు. చీకటి పడలేదు, వాన ఆగింది, ఎక్కడా చప్పుడు లేదు. "ఇంత నిశ్శబ్దంలోనా నేనుండింది?" అని ఓబయ్యను అడిగాడట, జవాబు కోసం కాకుండా.

శుక్రవారం పొద్దున్నే నాయుడికి కబురు పంపాడు. కొబ్బరికాయ, కర్పూరం వచ్చాయి. కూజా, పంచె, పెట్టె ముందే దింపుకున్నాడు. వాకిలి లోపల నిలబడి, పైకమ్మిలో చీల పెట్టి, కొయ్యసుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. వెనక్కి వెనక్కి దిగాడు. తను దించిన ఆ మెట్టే ఆయన కాలికి అందలేదు, తడుముకున్నాడు. ఓబయ్య చేయి ఇచ్చి పట్టుకున్నాడు. బస్సు పొగ కక్కుతూ గేటు దాటింది. ఆయన దండం పెట్టిన చేతులు పొగ పోయేదాకా దించలేదు.

తర్వాత మూడేళ్ళు ఆయన గేటు దగ్గరి గదిలో ఉన్నాడు. పాత బస్సులకు పలకలు మార్చడం, బెంచీలు బిగించడం తప్ప పని లేదు. ఆ పని కూడా చీల ఉన్న బస్సులకు కిటికీలోంచి చేతులు చాపి చేసేవాడు, కాలు లోపల పెట్టకుండా. సాయంత్రాలు గది ముందర కూర్చుని, రోడ్డు మీద వచ్చే బస్సును చూడకుండానే, "జనం తక్కువ ఈ పొద్దు" అనేవాడు. పలకల చప్పుడు బట్టి.

బొగ్గు వేయడానికి వచ్చినప్పుడు మునిరత్నమ్మ చెప్పేది. "నీ కిటికీకాడ కూసుంటే గాలి బాగా కొడతాది ఆసారీ. పూతలపట్టు దాకా నిద్ర పడతాది."

"అట్లనా."

"ఒకసారన్నా వచ్చి సూడరాదా?"

"రాగూడదు."

"ఏం కట్టుబాటో తల్లీ. వండినోడు తినగూడదన్నట్టుండాది" అని ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పోయేది.

యుద్ధం ముగిసింది. మెల్లగా పెట్రోలు వచ్చింది, చాసీలు వచ్చాయి. కాని నాయుడి కొడుకులు మద్రాసులో ఇనప బాడీలు కట్టించుకొచ్చారు. ఆచారి కట్టిన ఆ చివరి చెక్క బస్సు ఇంజను అరిగిపోయింది. చాసీని విడదీసి అమ్మేశారు. బాడీని గొలుసులు కట్టి ఎత్తి, షెడ్డు పక్కన నేల మీద దించారు. నాయుడు అప్పటికి ముసలివాడైపోయాడు. "ఆసారీ, పొయ్యికి వాడుకుంటావో, ఏం సేసుకుంటావో నీ ఇష్టం" అన్నాడు, ఆయన మొహం చూడకుండా.

ఏకాంబరాచారి బాడీ చుట్టూ తిరిగాడు. చక్రాలు లేని బస్సు నేలకు కూర్చుని, మెట్టు మట్టిలో దిగింది. ఇక ఇది వాహనం కాదు. కాని చీల ఉంది. చీల ఉన్నంతసేపూ ఆయన ఎక్కకూడదు. వాకిలి ముందర పీట వేసుకుని నిలబడి, ఉలి ఆనించి, చుట్టూ తట్టాడు. చింతచేవ మూడేళ్ళ వానకు ఉబ్బి పట్టేసింది. ఆయన తొందరపడలేదు. పీకిన చీలను కళ్ళకు అద్దుకున్నాడు. చెప్పులతోనే లోపలికి ఎక్కాడు.

తను వదిలిన బస్సు కాదది. బెంచీల కింద వక్కాకు మరకలు. పలకల మీద ఎవరెవరో గోటితో చెక్కిన పేర్లు. తన కొక్కేనికి ఎవరో కట్టిన పసుపు దారం. వెనకటి పొడుగు బెంచీ దగ్గర కిటికీ కమ్మీ, ఆయన వంపు తీసిన చోటే, ఇంకా లోతుగా అరిగి నున్నగా ఉంది. ఎన్ని మోచేతులు ఆనితే అట్లా అరుగుతుంది! కూజా తెచ్చి కొక్కేనికి తగిలించాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆయనే చెప్పాడు. తెల్లవారి మొదటి బస్సుకు జనం గేటు దగ్గర చేరగానే, తలుపు బార్లా తెరిచాడు. తలుపు ఏటవాలుకు తిరిగి మూసుకుపోతూ ఉంటే, చేతిలో ఉన్న ఆ చింతచేవ చీలనే కింద దోపాడు. తలుపు నిలిచింది.

"రాండప్పా, ఎండలో ఎందుకు? ఇది యాడికీ పోదు, కూసోండి."

అప్పటినుంచి తిరుపతి పోయేవాళ్ళంతా అందులో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. కిటికీ కోసం పోట్లాడుకునేవాళ్ళు. ఆయన ఇటు చివర కూర్చుని వినేవాడు. ఇనప బస్సు హారను కొట్టగానే బెంచీలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయేవి. రోజుకు ఎన్ని బస్సులో అన్నిసార్లు ఆ ఇల్లు నిండేది, అన్నిసార్లు ఖాళీ అయ్యేది.

ఒక సాయంత్రం చివరి బస్సు హారను కొట్టింది. బొగ్గు బస్సులు పోయాక మునిరత్నమ్మ కూరగాయలు అమ్ముతోంది. ఆమె లేచి, ఖాళీ గంప ఎత్తుకుని, మెట్టు దగ్గర ఆగింది.

"ఆ ఇనప బండి నువ్వు కట్టింది కాదు గదా ఆసారీ. ఎక్కొచ్చు గదా. ఒకసారి కొండకన్నా పోయి రారాదా?"

"ఎవురో కొట్టిన మేకులు" అన్నాడు ఆయన. తర్వాత, "నువ్వు పో, బండి పోతాది" అన్నాడు.

ఆమె పోయింది. కిటికీ కమ్మీ మీద ఆమె మోచేయి ఆనిన చోట ఆయన అరచేయి పెట్టాడు. రోడ్డు మీద ఇనప బస్సు చప్పుడు వినిపించింది. ఎంతమంది ఎక్కారో దాని చప్పుడు బట్టి చెప్పడం ఆయనకు చేతకాలేదు.

నలభైతొమ్మిదిలో ఒక పొద్దున, మొదటి బస్సు జనం లోపలికి ఎక్కి, కిటికీల దగ్గర కూర్చుని, వక్కాకు వేసుకుని, బాగా పొద్దెక్కాక గాని ఆయన లేవడం లేదని గమనించలేదు. కిటికీ వైపు చోటు వదిలే పడుకుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది.

ఆ చీల తలుపు కిందే చాలా ఏళ్ళు ఉండిపోయింది. బాడీని ఈ మిల్లు షెడ్డుకు తరలించేటప్పుడు ఎవరో కర్రముక్క అనుకుని పారేశారు. బస్సుకు మళ్ళీ రంగు వేశారు. తలుపు మూసి, తాడు కట్టి, 'లోపల కూర్చోరాదు' అని పెద్ద అక్షరాలతో ఇంకో అట్టముక్క తగిలించారు.